సున్నం పట్టీ వేసిన తాటిచెట్లు

మా రోడ్డు గ్యాంగులో ఆడవాళ్ల పని సున్నం వేయడం. మగవాళ్లు గుంతలు పూడ్చి, కొమ్మలు కొట్టి, బోర్డుల స్తంభాలు పాతేవాళ్లు. మేము కిలోమీటరు రాళ్లకు, కల్వర్టు గోడలకు, రోడ్డు వెంట చెట్లకు సున్నం పూసేవాళ్లం. చెట్టు మొదట్లో నడుమెత్తున తెల్లపట్టీ, దాని మధ్యలో జాజుతో ఎర్రపట్టీ. రెండువేల సంవత్సరం దాటాక కూడా మా అడవి రోడ్ల మీద రంగు గీతలు లేవు. చీకటి పడితే డ్రైవర్లకు ఆ చెట్లే రోడ్డు అంచు. అటొక వరస, ఇటొక వరస తెల్లగా కనబడితే నడుమ రోడ్డున్నట్టు లెక్క. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు. బండి నడిపేవాళ్లకు అలవాటైంది, మాకూ అలవాటైంది.

సున్నంలో బంక కలిపితే ఏడాదంతా ఉంటుంది. కలపకపోతే వానలకు కారిపోతుంది. మాకు బంక ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాదని అడిగితే మేస్త్రి నవ్వేవాడు.

"ఏడాదంత ఉంటే మళ్లేడు నీకు పనేముంటదే?"

పని కూడా గట్టిగా జరిగేది ఏడాదికొక్కసారే. భద్రాచలంలో రాములవారి కల్యాణానికి పెద్దపెద్దవాళ్లు కార్లలో వస్తారు. వాళ్లు వచ్చే రోడ్డుకు ముందు నుంచే సున్నం మొదలు. వాళ్లు రాని రోడ్లకు మిగిలితే వేస్తాం, లేకపోతే లేదు. మేము చర్చికి పోయేవాళ్లం. అయినా ఆ కల్యాణం తొవ్వ మా చేతుల మీదుగానే తెల్లబడేది. దాని గురించి నాకు బాధ లేదు. కూలి పని ఎవరి దేవుడిదని అడుగుతామా.

నా చెల్లెలి గుడిసె పెద్దవాళ్లు రాని రోడ్డు మీద ఉండేది. దమ్మపేట వైపు నుంచి వచ్చే ఆ రోడ్డు వాగు దగ్గర ఒక్కసారిగా కుడికి తిరుగుతుంది. తిరగకుండా నేరుగా పోతే రెండు తాటిచెట్లు, వాటి వెనక చెల్లెలి గుడిసె. భర్త పోయాక అక్కడ చాయ్, మిర్చి బజ్జీలు అమ్ముకొని బతికేది. జామాయిల్ కర్ర నింపుకొని కాగితం మిల్లుకు పోయే లారీలు అక్కడ ఆగేవి. ఊళ్లోకి రమ్మని ఎన్నోసార్లు చెప్పాను.

"ఊళ్లె నా చాయ్ ఎవడు తాగుతడక్కా? అందరి ఇంట్ల పొయ్యి ఉండె," అనేది.

ఒక లారీ ఆ మలుపులో తిరగలేక వాగులో పడ్డాక, పాస్టరు గారు, ఊరి పెద్దలు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఒక బోర్డు తెప్పించారు. వంకర బాణం బొమ్మ, కింద తెలుగులో ఒక వరస రాత. సాయంత్రాలు చర్చి వరండాలో నేను అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్నాను. తల నెరిశాక పట్టిన పలక అది. ఆ బోర్డు ముందు నిలబడి, వేలు పెట్టి, ఎవరి సాయం లేకుండా చదివాను. "ముందు ప్రమాదకరమైన మలుపు."

చెల్లెలు చాయ్ వడపోస్తూ వింది. "మస్తు చదివినవ్ అక్కా. ఇగ నిన్ను కలెక్టర్ని చేస్తరు. మరి లారీవోనికి చదువొస్తదంటవా?"

"బొమ్మ ఉన్నది కదనే."

"అవ్, బొమ్మ ఉన్నది," అంది. ఆ వారం నుంచి తనకు నిద్ర పడుతోందని కూడా చెప్పింది. అంతకు ముందు లారీ చప్పుడు వినబడితే చాలు లేచి కూర్చునేదట.

మళ్లీ కల్యాణం వచ్చింది. బూర్గంపాడు దిక్కు పెద్ద రోడ్డు మీద ఒక మలుపు బోర్డు మాయమైంది. ఎవరో రేకు పీకి కోళ్ల గూటికి కప్పుకున్నారని చెప్పుకున్నారు. కొత్తది తెప్పించడానికి వ్యవధి లేదన్నాడు వర్క్ ఇన్‌స్పెక్టరు. లోపలి రోడ్డు మీదిది పీకి అక్కడ పెట్టమన్నాడు. ఇది కొత్త పద్ధతేమీ కాదు. ప్రతి పండగకూ బోర్డులు ఇలాగే అరువుకు పోయేవి. కొన్ని తిరిగొచ్చేవి.

మేస్త్రి గడ్డపార దించుతుంటే చెల్లెలు బయటికి వచ్చింది.

"ఏంది మేస్త్రి, కొత్త కోడల్ని అప్పుడే తోలుకపోతున్రా?"

"అరువుకేనమ్మా. కల్యాణం కాంగనే తెచ్చి పాతుతం."

"రాములోరికి మలుపులు తెల్వయా? వనవాసం ఈ అడవిలనే చేసిండంటరు గద."

"రాములోరికి తెలుసు. ఆయన పెండ్లికొచ్చేటోళ్లకు తెల్వదు," అన్నాడు మేస్త్రి. అందరం నవ్వాం. బోర్డు ట్రాక్టరెక్కింది.

కల్యాణం అయిపోయింది. మేస్త్రి ట్రాక్టరేసుకొని బోర్డు తేవడానికి పోయాడు. పోయినవాడు పోయినట్టే వచ్చాడు. బోర్డు మీద అడవిలోని అన్నలు ఎర్ర అక్షరాల కాగితం అంటించారట. అటువంటిదాన్ని ఆ రోజుల్లో మా వైపు ఎవరూ ముట్టేవాళ్లు కాదు. కింద ఏం పాతిపెట్టారో ఎవరికి తెలుసు. పోలీసులు వచ్చి చూసేదాకా చెయ్యి పెట్టొద్దని పైనుంచి మాట వచ్చింది. ఎప్పుడు చూస్తారో ఆ మాటలో లేదు. కొత్తది ఇవ్వమంటే, పాతది లెక్కలో ఉండగా కొత్తది రాదన్నారు. ఎండాకాలం అట్లనే గడిచింది.

"పోయిన మొగుడన్న కలలకొస్తడు గని మీ బోర్డు రాదు," అనేది చెల్లెలు. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత నవ్వు లేకుండా అనేది.

వానలు మొదలయ్యే ముందు, ఒక ఆదివారం చర్చి అయ్యాక చెల్లెలి దగ్గరికి పోయాను. గుడిసె ముందు తాటిచెట్లు రెండూ మెరిసిపోతున్నాయి. తెల్లపట్టీ, నడుమ ఎర్రపట్టీ. అచ్చం మేము వేసినట్టే వేసింది.

"లైట్లు పడంగనే తెల్లగ కొడ్తది. ఏందో ఉన్నదని ఆగుతరు," అంది. "మీ సర్కారు సున్నం లెక్క కాదక్కా. తుమ్మబంక ఉడకబెట్టి కలిపిన."

గోటితో గీకి చూశాను. పొడి కూడా రాలలేదు. బాగుంది అన్నాను. ఆ దారిన పోతూ మేస్త్రి, "నిన్ను గ్యాంగుల వేసుకోవాల్సింది," అన్నాడు. పాస్టరు గారు కూడా చూసి మెచ్చుకున్నారు. మేమంతా గుడిసె ముందు నిలబడి చూశాం. లారీలో కూర్చొని వచ్చి చూసినవాళ్లు ఎవరూ లేరు.

వానలు పడ్డాయి. రోడ్డు వెంట మేము పూసిన సున్నం కారిపోయింది. చెట్లన్నీ నల్లగా నానిపోయి నిలబడ్డాయి. ఆ రోడ్డంతటికీ తెల్లగా మిగిలినవి చెల్లెలి తాటిచెట్లు రెండే.

ముసురు పట్టిన ఒక పొద్దుగూకేవేళ జామాయిల్ లోడు లారీ మలుపు తిరగలేదు. నేరుగా ఆ రెండు చెట్ల నడుమ నుంచి పోయింది. చెల్లెలు పొయ్యి ముందు కూర్చొని ఉంది. కర్రలన్నీ తీసేసరికి బాగా చీకటి పడిందని చెప్పారు. నాకు ముఖం చూపించలేదు. చూస్తానని నేనూ పట్టుబట్టలేదు.

డ్రైవరు కాలు విరిగి దవాఖానాలో ఉన్నాడు. పోయి చూశాను. ఎక్కడో దూరపువాడు, ఆ రోడ్డుకు కొత్త.

"రెండు దిక్కుల సున్నం పట్టీ చెట్లు కనబడ్డయమ్మా," అన్నాడు. "నడుమ తొవ్వనుకున్న."

తిడదామనే పోయాను. కానీ నేను లారీ నడిపినా అట్లనే అనుకునేదాన్ని. ఊళ్లోకి తిరిగొచ్చేదాకా బస్సు కిటికీలోంచి చెట్లనే చూస్తూ కూర్చున్నాను.

వర్క్ ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చి తాటిచెట్ల చుట్టూ తిరిగాడు.

"ఈ సున్నం ఎవరేసిన్రు?" అని అడిగాడు. మళ్లీ మళ్లీ అదే అడిగాడు. బోర్డు మాట ఎవరో ఎత్తితే, "అది తర్వాత," అన్నాడు. పట్టీలు గీకెయ్యమని మాకే చెప్పాడు. తాపీతో, కొడవలితో గీకాం. తుమ్మబంక కదా, తాటి మాను గరుకులో పట్టుకొని ఊడిరాలేదు. చివరికి చెట్లు రెండూ కొట్టేయించారు.

సమాధి మీద మట్టి కుంగకముందే కొత్త బోర్డు వచ్చింది. పాతది లెక్కలో ఉండగానే వచ్చింది.

మళ్లీ కల్యాణం దగ్గర పడింది. పెద్ద రోడ్డుకు మళ్లీ ఒక బోర్డు తక్కువైంది. ట్రాక్టరు మా వాగు మలుపు దగ్గర ఆగింది. ఇన్‌స్పెక్టరు బోర్డు వైపు చూశాడు, గుడిసె ఉన్న జాగా చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఇది వద్దులే," అన్నాడు మేస్త్రితో. "చండ్రుగొండ దిక్కు లోపటి రోడ్డుకు ఒకటున్నది. అది పీకుదాం పా."

మేస్త్రి గడ్డపార తిరిగి ట్రాలీలో వేశాడు. అందరూ ఎక్కారు. నేను సున్నం తట్ట కింద పెట్టాను.

"ఆ మలుపుకు ఎదురుంగ ఎవరి ఇల్లున్నది సారూ?"

"నాకేమెరుక? ఎక్కమ్మా, పొద్దు పోతున్నది."

ఎక్కలేదు. మళ్లీ అదే అడిగాను.