బుచ్చిరాములు మోకాలు

సిరిసిల్లలో దుకాణాల బోర్డులు రాసే దశరథానికి బొమ్మలు గీయడం చిన్నప్పుడే అబ్బింది. తెలంగాణా, ఆంధ్రా కలిసి ఒక్క రాష్ట్రమైన మరుసటి ఏడు, పట్నంలోని ఒక వారపత్రిక ఉత్తర తెలంగాణా జిల్లాల బతుకు మీద బొమ్మల కథ అడిగింది. అతనికి గుర్తొచ్చిన మనిషి ఒక్కడే, తనను పెంచి పెద్దచేసిన అన్న బుచ్చిరాములు.

బుచ్చిరాములు మగ్గం నేసేవాడు. నిజాం రోజుల్లో, మూడు రంగుల జెండా పట్టుకోవడమే నేరమైనప్పుడు, తాను నేసిన గుడ్డతోనే జెండా కట్టి ఎగరేశాడు. ఠాణాలో మోకాలిచిప్ప పగలగొట్టారు. అప్పటినుంచి ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. ఎందుకని ఎవరైనా అడిగితే మాట దాటేసేవాడు. గొప్పలు చెప్పుకోవడం అతని ఒంటికి పడదు. అన్న చెప్పుకోని సంగతి తానైనా దేశానికి చెప్పాలని దశరథం ఆశ.

కష్టపడి గీశాడు. అన్న జెండా గుడ్డ నేస్తాడు, భుజాన వేసుకుని ఒరుగుతూ పట్నం పోతాడు, అక్కడ కోస్తా బాబు ఒకాయన ఎదురై కాలికేమైందని అడుగుతాడు, అన్న జరిగింది చెబుతాడు, చివరికి ఇద్దరూ కలిసి జెండా ఎగరేస్తారు. మాటలు ప్రెస్సులోనే అచ్చువేస్తారు గనక బొమ్మల్లో ఆ చోటు ఖాళీగా వదిలి, వేరే కాగితం మీద రాసి పంపాడు. అదే కొంప ముంచింది.

పత్రిక బస్సులో వచ్చిన రోజు బుచ్చిరాములు కొత్త అంగీ తొడుక్కున్నాడు. తనకు చదువు రాదు. పత్రిక పట్టుకుని నేరుగా బస్టాండు చాయ్ హోటల్‌కు పోయాడు.

"మా తమ్ముడు నా బొమ్మ గీసిండు. జర గట్టిగ సదువుండ్రి."

ఒకాయన అందుకుని చదివాడు. ఆ నడకేమిటోయ్ అంటాడు బొమ్మలో బాబు. "కల్లు జర ఎక్కువైంది దొరా" అంటాడు నేతగాడు. భుజాన ఆ గుడ్డేమిటి? "మూడు రంగుల లుంగీ దొరా, కట్టుకుంటరా?" ఇద్దరూ జెండా ఎగరేసే ఆఖరి బొమ్మ అసలు అచ్చు వేయనే లేదు.

హోటలంతా విరగబడి నవ్వింది. సంగతి తెలిసినవాళ్లు కూడా నవ్వాపుకోలేకపోయారు, సిగ్గులేకుండా. బుచ్చిరాములు పుట్టి బుద్ధెరిగాక కల్లు ముట్టలేదు.

ఇంటికొచ్చి పత్రిక తమ్ముడి ముందు పెట్టాడు.

"మాటలు నాయి గావన్నా. వాళ్లు మార్చిండ్రు."

"బొమ్మ నీదే గద తమ్మీ?"

దశరథం కాగితం, కలం తీశాడు.

ఎడిటరును నిలదీస్తూ ఉత్తరం రాస్తే, పాఠకులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, వారం వారం పంపండి అని జవాబొచ్చింది. ఆ మహానుభావుడికి మనమంతా ఒక్క దేశమే, కాకపోతే అందులో మన తెలంగాణావాళ్ల వంతు నవ్వులపాలవడం. దశరథం పంపలేదు. పంపకపోతే ఆగిందా? ఇంకెవరి చేతో గీయించారు. అదే నడక, అదే లుంగీ, వారం వారం.

ఇప్పుడు బస్టాండు దగ్గర ఎవరు నవ్వినా బుచ్చిరాములు ఆగుతాడు. ఇన్నేళ్లూ ఎవరికీ చూపని మోకాలిని నడిబజారులో ధోవతి పైకెత్తి చూపిస్తాడు.

"కల్లు గాదు బిడ్డా, జెండా ఎగరేసిన. గిదో, సూడుండ్రి."

అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉన్నాడని వాళ్లు ఇంకా గట్టిగా నవ్వుతారు. ఎదురు దుకాణానికి బోర్డు రాస్తూ నిచ్చెన మీద ఉన్న దశరథానికి అంతా వినబడుతూనే ఉంటుంది. దిగి అన్న పక్కన నిలబడటానికి అతనికి కాళ్లు రావు.