అయస్కాంతానికి గడ్డం

తొంభైల చివర్లో మేం రేవు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. గాలి మావైపు తిరిగినప్పుడల్లా ఇనుప ఖనిజం గుట్టల ధూళి వచ్చి పెరట్లో కూర్చునేది. మా వీధిలో తెల్లచొక్కా కొన్నవాణ్ని ఆశావాది కింద జమకట్టేవారు.

మా అక్క భర్తకు ఒక పాత జీపుండేది. శుక్రవారం కొండమీద సంతకు జనాన్ని ఎక్కించుకుని వెళ్లేవాడు. నేనతన్ని బావా అనేవాణ్ని, అతనూ నన్ను బావా అనేవాడు. మా వైపు అది చుట్టరికం కన్నా అలవాటు. వానాకాలంలో కొండదారి బురదలో పడితే వెనక చక్రాల్లో ఒకటి గిర్రున తిరిగేది, రెండోది దాన్ని చూస్తూ నిలబడేది. దిగి తోయడం టిక్కెట్టులో భాగం.

తప్పు డిఫరెన్షియల్‌దని నేను తేల్చాను. నేను మెకానికల్ ఇంజినీర్ని. తేల్చడం వరకూ నాకు బాగా వచ్చు. మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగాలని ఇరుసు మధ్యలో దాన్ని పెడతారు. బురదలో మాత్రం అది ఉన్న బలమంతా జారే చక్రానికే దోచిపెడుతుంది. లోపలి చిన్న గేర్లు తీసి లాకు బిగిస్తే రెండూ కలిసి లాగుతాయి. ఓడలో పనిచేసే స్నేహితుడి చేత అలాంటి లాకొకటి తెప్పించాను. పళ్లున్న ఉక్కు బిళ్లలు, నాలుగు పిన్నులు, గోరంత స్ప్రింగులు నాలుగు, ఒక పుస్తకం. రెండు గంటల పని అని పుస్తకంలో ఉంది.

బుధవారం పొద్దున్నే బావ జీపు తెచ్చాడు.

"ఆటోనగర్‌లో ఇచ్చీద్దుం బావా. ఆళ్లకి అలవాటు."

"వాళ్లు పుస్తకం చదవరు బావా," అన్నాను.

నవ్వాడు గాని ఎక్కువసేపు నవ్వలేదు. "రేపు సాయంత్రానికి నాను కొండకింద సంత జీపుల వరసలో ఉండాలి. ఒక్క వారం తప్పితే నా జాగాలో ఇంకోడి జీపు దూరిపోతాది. మళ్లీ నన్ను రానివ్వరు. ఆ జాగాతోనే మీ అక్క పొయ్యి ఎలుగుతాది."

పుస్తకం చెప్పిన రెండు గంటలూ చక్రాలు ఊడదీయడానికే సరిపోయాయి. తుప్పుపట్టిన బోల్టుల గురించి పుస్తకం మౌనం వహించింది. ఇరుసులోని పాత ఆయిల్ వాసనకి పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. పాత గేర్లు బయటికొచ్చేసరికి చీకటి పడింది.

గురువారం పొద్దున మూడు స్ప్రింగులు బుద్ధిగా కూర్చున్నాయి. నాలుగోదాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కాను. టింగ్‌మంది.

"ఏటది?" అన్నాడు బావ, చెవి తడుముకుంటూ.

"స్ప్రింగు."

"ఎటెల్లింది?"

పెరటి వైపు చూపించాను. పెరడంతా చూపించాల్సొచ్చింది.

చప్పుడుకి మా ఆవిడ చీపురుతో వచ్చింది. ఊడ్చొద్దని చేతులడ్డం పెట్టాను. "నాలుగేళ్లు ఇంజినీరింగు సదివారు కదా, ఎతకడం ఒక్కటీ సెప్పలేదేటండి మీకు?" అని లోపలికెళ్లిపోయింది.

అప్పుడే నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పాత రేడియో స్పీకర్లోంచి అయస్కాంతం పీకి, తాడు కట్టి, నేలమీద ఈడ్చాను. ఒక్క ఈడుపుకే దానికి నల్లటి గడ్డం మొలిచింది. ఎన్నేళ్లుగానో రాలిన ఇనుప ధూళంతా మా పెరట్లోనే కదా. ఉప్పు మడిలో ఉప్పురాయి పారేసుకున్నట్టయింది మా పని. పైపైన తుడిచి మళ్లీ ఈడ్చాను. మళ్లీ గడ్డం. మధ్యాహ్నానికి పెరడు శుభ్రపడింది, స్ప్రింగు దొరకలేదు.

"బాల్‌పెన్ను స్ప్రింగు ఎడితే?" అన్నాడు బావ.

అది ఇంజినీరింగు సూత్రాలకు విరుద్ధమన్నాను. నా పెన్నులోది సన్నమైపోయింది. అప్పటికే పెట్టి చూశాను.

బావ పాత గేర్లు కిరసనాయిల్లో కడిగి, లుంగీ ఎగగట్టి, జీపు కింద దూరాడు. నేను పానాలందించాను. అడిగినప్పుడు రెండుసార్లు తప్పు పానా అందించాను కూడా. అంతా బిగించి, ఆయిల్ పోసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం వచ్చాడు. జాగా దక్కింది, ఆఖరి జీపుగా అయినా. బురదలో మామూలుగానే దిగబడింది.

"లాకు లేకపోతే ఏటి బావా," అన్నాడు టీ ఊదుకుంటూ. "పన్నెండుమంది దిగి తోసీసినారు. ఆళ్లే లాకు. ఆ లాకు స్ప్రింగు ఎగిరిపోదు."

మూడు స్ప్రింగుల లాకు అటకెక్కింది. దాని వైపు చూడకుండా అటకమీంచి సామాను దించడం అలవాటు చేసుకున్నాను.

నెల తర్వాత కుట్టుమిషను కింద రాలిన సూదులేరడానికి మా ఆవిడ ఆ అయస్కాంతం అడిగింది. గడ్డంతో ఇస్తే ఊరుకోదు కాబట్టి, తడిగుడ్డతో అడుగంటా రుద్దాను. చిట్టచివరి పొరలో, అయస్కాంతాన్ని అంటుకుని, స్ప్రింగుంది. మొదటి ఈడుపులోనే దొరికిందన్నమాట. ఆపైన అరపూట దాన్నే వెంట ఈడ్చుకుంటూ దానికోసం వెతికాను.

దాచేద్దామనిపించింది. కాని వానలింకా తగ్గలేదు. బావకు కబురు పెట్టాను.

వచ్చి, స్ప్రింగుని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి చూశాడు. "ముందే గెడ్డం గీసుంటే అయిపోయీది కద బావా," అన్నాడు. దాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అటకమీంచి నేను దించిన పెట్టెను జీపులో తన పక్కసీట్లో పెట్టాడు. పెట్టె తెరిచి, పుస్తకం మాత్రం తీసి నా చేతికిచ్చాడు.

"ఇది నీకాడే ఉంచు బావా. ఆటోనగర్‌లో ఆళ్లు సదవరు కదేటి."