మొదటి సెకను ఊపిరి

నాయన నలభై ఏళ్లు పెళ్లిళ్లలో నాదస్వరం వాయించారు. రెండేళ్లుగా రెండు కీర్తనలకే ఆయాసం వస్తుంటే, వయసైపోయిందని వాద్యాన్ని బీరువాలో పెట్టేశారు. చివరికి దగ్గు కూడా తగ్గకపోవడంతో అమ్మా నేనూ ఆయన్ని తిరుపతిలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టర్ ఊపిరితిత్తుల పరీక్ష రాశారు.

పరీక్ష చేసే అమ్మాయి ఆయన ముక్కుకు క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించింది.

"గట్టిగా పీల్చి, ఒక్కసారిగా ఊదేయండి తాతా."

నాయన నిండుగా పీల్చి, సన్నగా, నిదానంగా, చాలాసేపు ఊదారు. యంత్రం ఒప్పుకోలేదు.

"మొదటి సెకనులో ఎంత గాలి బయటికొస్తాదో సూడాల తాతా. దాచుకోకూడదు" అంది ఆ అమ్మాయి.

"దాచుకోకుంటే పాట యాడ నిలస్తాది మ్మా?" అన్నారు నాయన.

రెండోసారీ అంతే. మూడోసారి అమ్మ ముందుకొచ్చింది.

"కోపమొస్తే నా మీద అరస్తావే, అట్ల ఊదు."

ఈసారి యంత్రం ఒప్పుకుంది.

తర్వాత మందు పీల్పించి, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ ఊదించారు. మొదటి సెకను గాలి బాగా పెరిగింది. డాక్టర్ రెండు గీతలూ పక్కపక్కన చూపించి, గాలి గొట్టాలు ముడుచుకుపోయాయనీ, మందుతో తెరుచుకుంటున్నాయనీ, ఇది ఆస్తమా అనీ చెప్పారు.

"అయితే ముసిలితనం కాదా?" అని నాయన రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నారు.

ఇంటికొచ్చే బస్సులోనే, పెళ్లిళ్లలో తన పక్కన డోలు వాయించే పాత స్నేహితుడికి ఫోన్ చేశారు.

"ఏర్పేడు పెళ్లికి మనల్ని అడిగినారంటివే, ఒప్పుకో అబ్బా. నాకుండేది ఉత్త జబ్బేనంట."