ముక్కకొక దెబ్బ

హిందూపురంలో మాకు స్పోకెన్ ఇంగ్లీషు నేర్పిన సారు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. రెండు మాటలు అతికిన విశేషణాలంటే ఆయనకు మరీ పిచ్చి. మాటను ముక్కలు చేసి, ముక్కకొక దెబ్బ చొప్పున స్కేలుతో బల్ల మీద కొట్టేవాడు. ఒత్తి పలకాల్సిన ముక్క దగ్గర బల్ల అదిరేది.

నేను ధర్మవరం నుంచి రైల్లో పోయేదాన్ని. మీ నాయన ఏం చేస్తాడని ఒకరోజు ఇంగ్లీషులో అడిగాడు. మగ్గం మీద చీరలు నేస్తాడని చెబుతూ ‘హ్యాండ్-వోవెన్’ అన్నాను. ‘హ్యాండ్’ను ఒత్తాను.

"హ్యాండ్, వో, వెన్. మూడు ముక్కలు. ఒత్తాల్సింది నడిమిదాన్ని. నాయన నేస్తాడంట, బిడ్డకు ఆ మాట పలికేకి రాదంట!" అంటూ క్లాసంతా నవ్వేదాకా స్కేలు కొడుతూనే ఉన్నాడు.

మొన్న ధర్మవరంలో రైలెక్కితే ఎదురు సీట్లో ఆయనే. ఒడిలో కొత్త పట్టుచీర పెట్టె. పెనుకొండ దాకా పక్కాయనకు అది అసలైన చేతిమగ్గం చీరని గొప్ప చెప్పి, అప్పుడు నన్ను గుర్తుపట్టాడు.

"ఏమ్మా, ధర్మవరం పాపా! మా ఇంటామెకు తీసుకున్యా. ఇదేం చీరో ఇప్పుడన్నా సరిగ్గా చెప్తావా?"

అంచు వెంట వేలు పోనిచ్చాను. చేతిమగ్గం మీద బట్ట ముడుచుకోకుండా ముళ్ల కర్రతో బిగిస్తారు. ఆ ముళ్లు గుచ్చిన సన్నటి రంధ్రాలు అంచుల్లో ఉండిపోతాయి. దీనికి ఒక్కటీ లేదు. మరమగ్గం చీర.

"హ్యాండ్-వోవెన్, సార్," అన్నాను, నడిమి ముక్కను ఒత్తి.

"ఇప్పుడొచ్చింది సూడు!" అని మురిసిపోతూ ఆయన పెట్టె మీద మూడు దెబ్బలు కొట్టాడు.