గోడమీద ఉమ్మ్ నిజార్

బీరూట్ పత్రికలో ఫొటోలు తీసే మున్జిర్, ఎదుటి మనిషితో కాఫీ తాగి, పేరడిగితే గానీ కెమెరా ఎత్తడు. అదో పిచ్చి! యుద్ధంలో తప్పిపోయిన కొడుకు కోసం కిటికీలో కూర్చున్న ఉమ్మ్ నిజార్‌నీ అలాగే తీశాడు. ఉమ్మ్ నిజార్ అంటే నిజార్ తల్లి. వీధిలో ఆవిడకి వేరే పేరే లేదు. ఇప్పుడా ఫొటో గ్యాలరీ గోడెక్కింది. కింద 'నిరీక్షణ' అని ఒక్క మాట. "ఆహా, ఏం వెలుతురు!" అంటున్నారు జనం.

ఆవిడొచ్చి చూసింది. "వెలుతురు సరే నాయనా. నా పేరు తీసేస్తే వాడి పేరే కదరా పోయింది! ఎవరైనా చూసి కబురు చెబుతారనేగా నీ ముందు కూర్చున్నాను?"

"పేరు రాస్తే కళ పోతుందని గ్యాలరీవాళ్లన్నారమ్మా" అని గొణిగాడు మున్జిర్.

మర్నాటి నుంచి రోజూ ఆ ఫొటో పక్కనే నిలబడి, వచ్చినవాళ్లనల్లా అడుగుతున్నాడు: "ఈవిడ కొడుకు పేరు నిజార్. ఎడమ బుగ్గమీద మచ్చ. ఎక్కడైనా చూశారా?"