అమ్మ తలకి నూనె

ఉద్యోగం పర్మనెంట్ అయింది! మొన్న సాయంత్రం మా విభాగం హెడ్ మేడమ్ పిలిచి చెప్పారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. అనకాపల్లి బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడకి కూడా చెప్పేశాను.

మెదడు పరిశోధన విభాగంలో నా పని. యూనివర్సిటీలో ఏ శాఖవాళ్ళకి పాఠం కావాలన్నా, మెదడు తరంగాలు చూపే మిషను సిద్ధం చెయ్యాలి, దాని ముందు కూర్చునే మనిషిని వెతికి తేవాలి. పోయిన వారం అన్ని శాఖలకీ కలిపి క్లాసు. "నువ్వొక్కదానివే నడుపు. నీ ఉద్యోగం సంగతి దాన్నిబట్టే," అన్నారు మేడమ్. పెద్దవయసు మనిషి కావాలంటే, పూడిమడక నుంచి మా అమ్మని రప్పించాను.

చేపల గంప పక్కింటావిడకి అప్పగించి వచ్చింది అమ్మ. తలంతా కొబ్బరినూనె పట్టించి, నున్నగా దువ్వి, ముడి చుట్టుకుని మరీ. నూనె వద్దని చెప్పడం నేనే మరిచిపోయాను. వైర్ల టోపీ ఆ తలకి సరిగ్గా అంటలేదు. తెరమీద అన్నీ పిచ్చిగీతలే.

"ఏటే అమ్మీ, నా బుర్రలో ఏటీ నేదా?"

హాలంతా నవ్వులు.

"ఉందమ్మా. పైన నూనే ఎక్కువైంది."

"పెద్దోల్ల కాడికి నూనె రాసుకోకుండా ఎవులొత్తారే? దిక్కూమొక్కూ నేనిదాన్నాగ!"

మేడమ్ గడియారం చూసుకున్నారు. అరగంట అడిగాను. హాస్టల్ కుళాయి దగ్గర అమ్మని కూర్చోబెట్టి, రెండు షాంపూ ప్యాకెట్లతో తల రుద్దాను. చిన్నప్పుడు నా తల రుద్దిన మనిషి, "మెల్లగానే, కల్లు మండతన్నాయి!" అని నామీద అరిచింది.

మళ్ళీ టోపీ పెట్టి, కళ్ళు మూసుకోమన్నాను.

గీతలు నెమ్మదిగా లేచి, ఒకదాని వెనక ఒకటి సమంగా నడిచాయి. కళ్ళు తెరిస్తే మాయం. మూస్తే మళ్ళీ. ఎంతమందిలో చూడలేదు ఇది! కానీ ఇది గంప మోసి మోసి నడినెత్తిన జుట్టు పలచబడిన తల. నేను పుట్టకముందు నుంచీ దాని లోపల ఇది జరుగుతూనే ఉందా? పాఠం చెప్పాల్సిన నేను తెరనే చూస్తూ నిలబడ్డాను.

"కనపడతందేటే?" కళ్ళు తెరవకుండానే అడిగింది అమ్మ.

"కనపడతందమ్మా."

"మరి వాల్లకి సెప్పు. నిలబడిపోనావేటి?"

చెప్పాను. గంట దాటినా ఎవరూ లేవలేదు.

పర్మనెంట్ అయ్యాక మేడమ్ అప్పజెప్పిన మొదటి పని, మిషను ముందు కూర్చోడానికి వచ్చేవాళ్ళకి తెలుగులో సూచనలు రాయడం. "తలకి నూనె రాసుకుని రావద్దు," ఫోన్లో అమ్మకి చదివి వినిపించాను.

"వద్దని ఊరికే రాత్తే మనోల్లు ఇనరే. ఎందుకో కూడా రాయి."

ఆ "ఎందుకు" రాయడానికి అరపేజీ పట్టింది.