తడి ఇసుక గోడ

మొన్న కోడలితో శ్రీకాకుళంలో రంగుల కొట్టుకి వెళ్ళాను. తన పడగ్గదిలో ఒక గోడకి టెక్స్చర్ పూత వేయించాలని ఉంది తనకి. కొట్టతను నమూనా పలకలు పరిచి, "ముట్టుకుని సూడండమ్మా" అన్నాడు. వేళ్ళకి ఆ గరుకు తగలగానే బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మా అక్క గుర్తొచ్చింది.

అక్కా బావలది రాజాంలో బట్టల కొట్టు. పెళ్ళైనప్పటి నుంచి కొట్టు వెనక గదుల్లోనే కాపురం. గోడకి ఆనుకుంటే వీపంతా సున్నం. కొత్త చీర కట్టిన రోజున ఎక్కడా ఆనుకోకుండా నిలబడడం మా అక్కకి అలవాటైపోయింది. అన్నాళ్ళకి సొంత ఇల్లు కట్టుకున్నాక ఆవిడ అడిగింది ఒక్కటే. చిన్నప్పుడు తిరిగిన భావనపాడు సముద్రపొడ్డున అల వెనక్కి వెళ్ళాక ఇసుక మీద గీతలు మిగులుతాయే, హాల్లో ఒక గోడ అలా ఉండాలని. ఏటా కొట్టుకి వెల్ల వేసే మనిషి "అదెంత పని" అన్నాడు. ఫోన్లో వీడియో చూసి మెత్తాడు. అక్క నాకు ఫోన్ చేసి, "ఒసే సెల్లీ, నేను ఇసకడిగితే ఈడు పిడకలు కొట్టినాడే" అని పడీ పడీ నవ్వింది. వానలు మొదలవగానే ఆ పిడకలూ ఊడి పడ్డాయి.

అప్పుడు బావ ఆ పనిలో శిక్షణ పొందిన మనిషిని వెతికి విజయనగరం నుంచి పిలిపించాడు. అతను గోడని అరచేత్తో తడిమి, వెనక స్నానాల గది పైపు కారుతోందని తేల్చాడు. "గోడ తడిగా ఉన్నాది బాబూ. పైపు బాగు సేయించి, వానలయ్యేదాకా ఆరనియ్యండి. అప్పుడొస్తాను." బావ మొహం చిన్నబోయింది గానీ అక్క, "ఆరనీండి. ఇన్నేళ్ళు ఆగినాను, ఓ వానాకాలం ఆగలేనా ఏటి?" అంది.

ఆ వానాకాలంలోనే అక్కకి కడుపులో నొప్పి మొదలైంది. విశాఖలో పరీక్షలు చేసి, జబ్బు బాగా ముదిరిపోయింది, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. కార్తీకానికి గోడ ఆరింది. పనతను నమూనాలు చేసి తెచ్చాడు. మంచం దగ్గర నేను పట్టుకుంటే, అక్క కళ్ళు మూసుకుని ఒక్కోదాన్నీ వేలితో రాసి చూసి, ఒకదాని మీద ఆగింది. "ఇదేనే. కాలి కింద ఇలాగే ఉండేది." పని మొదలయ్యాక, ఒకసారి గోడ చూడమని బావ ఎంత బతిమాలినా, "సగం పని సూడను, పూర్తయ్యాకే సూస్తాను" అని హాల్లోకి రాలేదు. బావ పనతన్ని తొందరపెట్టేవాడు. "ఒక పూత ఆరితేగానీ ఇంకోటి పట్టదు బాబూ" అని అతను తల వంచుకుని చెప్పేవాడు. ఆఖరి పూత మిగిలి ఉండగా అక్క పోయింది.

పెద్దకర్మ అయ్యాక అతను సామాన్ల కోసం వచ్చాడు. బావ అతని చేతిలోని సంచి తీసి కింద పెట్టి, "పూర్తి సెయ్యి" అన్నాడు. సాయంత్రానికి అయిపోయింది. కిటికీలోంచి ఎండ పడి, అల ఇప్పుడే వెనక్కి వెళ్ళినట్టుంది గోడ. బావ కుర్చీలోంచి లేచి, అక్క పడుకున్న గది వైపు తిరిగి, "ఒసే, వచ్చి సూడవే" అని పిలిచాడు. పనతను తాపీ కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

రోజులు గడిస్తే దుఃఖం తగ్గుతుందని ఆ నెలంతా వచ్చినవాళ్ళు చెప్పి వెళ్ళారు. ఏళ్ళు గడిచాయి. ఎలా ఉన్నారని అడిగేవాళ్ళు తగ్గారు, అంతే.